గంప వెనక బండి

నేను ఒక ఇసుక బండిని. నాలుగు బొద్దు చక్రాలు, మోటారు సైకిలుకు ఉన్నట్టు హ్యాండిలు, కాళ్ళు చెరో పక్కా వేసుకుని కూర్చునే సీటు. సముద్రపు ఒడ్డుకు షికారు వెళ్ళినవాళ్ళు నన్నో, నా తోబుట్టువుల్నో చూసే ఉంటారు. చదువుకున్నవాళ్ళు క్వాడ్ బైక్ అంటారు. ఒడ్డున బఠాణీలమ్మేవాళ్ళు పీతబండి అంటారు. ఏమన్నా నాకు పట్టింపు లేదు. పట్టింపులు తక్కువని ముందే చెప్పేస్తున్నాను. తర్వాత నన్ను ఆడిపోసుకుని లాభం లేదు.

నా పుట్టుక గురించి గొప్పగా చెప్పుకోవడానికి ఏమీ లేదు. ఎక్కడో దూరదేశపు ఫ్యాక్టరీలో ఒకడు నా చట్రం అతికాడు, ఒకడు ఎర్రరంగు కొట్టాడు, ఒకడు చెక్కపెట్టెలో దించి మేకులు దిగగొట్టాడు. వాళ్ళ ముఖాలు నాకు గుర్తులేవు. నా ముఖం వాళ్ళకీ గుర్తుండదు. నెల్లాళ్ళు ఓడ అడుగున చీకట్లో పడి ఉండి, విశాఖపట్నంలో వెలుగు చూశాను. నన్ను కొన్నవాడు తవిటినాయుడు. భీమిలి దారిలో ఒడ్డున నాలుగు గొడుగులు, పది కుర్చీలు, ఒక కొబ్బరిబొండాల కొట్టు అతని సామ్రాజ్యం.

అక్కడ నా ఉద్యోగం కొట్టు దగ్గర నుంచి జెండా కర్ర దాకా వెళ్ళి తిరిగి రావడం. మొత్తం అయిదు నిమిషాలు. ఎక్కడికీ వెళ్ళకుండానే వెళ్ళినట్టు అనిపించడం కోసం మనుషులు వరసలో నిలబడతారని నాకు అక్కడే తెలిసింది. కొత్త పెళ్ళికొడుకులు ఒక చేత్తో నన్నూ ఒక చేత్తో ఫోనునూ పట్టుకునేవారు. వెనక కూర్చున్న పెళ్ళికూతుళ్ళు భయంతో కెవ్వుమనేవారు. ఫోటో సరిగ్గా రాలేదంటే మళ్ళీ ఎక్కి, మళ్ళీ అంత భయమూ పడేవారు. ఒక పెద్దాయన మాత్రం నామీద కూర్చుని, గడ్డం పైకెత్తి ఫోటో తీయించుకుని, ఇంజను స్టార్టు చేయకుండానే దిగి వెళ్ళిపోయాడు. నా దగ్గరకు వచ్చినవాళ్ళందరిలో తెలివైనవాడు ఆయనే.

ఒక తుఫాను రోజున తవిటినాయుడు గొడుగులు లోపల పెట్టుకున్నాడు, కుర్చీలు లోపల పెట్టుకున్నాడు, బొండాలు కూడా లెక్కపెట్టి లోపల పెట్టుకున్నాడు. నన్ను మరిచిపోయాడు. అలలు నా నడుము దాకా వచ్చి పోయాయి. ఉప్పునీరు ఇంజనులోకి దిగింది. వారం తర్వాత వచ్చిన మెకానిక్కు అరగంట కుస్తీ పట్టి, "ఇంజను పట్టీసినాది నాయుడూ, ఇక దీన్ని ఒగ్గీ" అన్నాడు. తవిటినాయుడు ఒగ్గేశాడు. కొట్టు వెనక బొండాల డొక్కల పక్కన రెండు వానాకాలాలు పడి ఉన్నాను. నా సీటు కింద ఒక కోడి గుడ్లు పొదిగింది. పిల్లలు లేచాయి, వెళ్ళిపోయాయి. బాధపడ్డావా అంటే, లేదు. ఒకటే తిమ్మిరి. అది ఎప్పుడు మొదలైందో కూడా నాకు తెలియదు.

అలా ఉండగా ఎల్లాజీ వచ్చాడు. అక్కడికి కోసు దూరంలో ఉన్న గవ్వలపేట అతనిది. చేపలు పట్టేవాళ్ళ ఇంట్లోనే పుట్టాడు గానీ, నావ ఎక్కితే కడుపులో తిప్పేస్తుందని చిన్నప్పుడే వేట మానేసి పట్నంలో మోటార్ల వైండింగు నేర్చుకున్నాడు. గంగపుత్రుడికి సముద్రం పడకపోవడమేమిటని పేటలో ఇప్పటికీ ఆటపట్టిస్తారు. వాళ్ళింట్లో ఫ్యాను కాలిపోతే మాత్రం అతని దగ్గరకే తెస్తారు. కాలిన తీగ విప్పి, కొత్త రాగి తీగ చుట్టి, వార్నిష్ పూసి, లోపల బల్బు వేలాడదీసి ఆరబెట్టి ఇస్తాడు. తవిటినాయుడి నీళ్ళ మోటారు బాగుచేయడానికి వచ్చినవాడు పని చేస్తున్నంతసేపూ నావైపే చూశాడు. చివరికి కూలి వద్దని, దానికి బదులు నన్ను ఇమ్మన్నాడు.

"ఆ సచ్చినదాన్నేటి సేసుకుంతావు ఎల్లాజీ?"

"మా కాసులమ్మకి."

తవిటినాయుడు సరేనన్నాడు. నన్ను ఆటో వెనక కట్టుకోమని తాడు కూడా ఇచ్చాడు.

కాసులమ్మ ఎల్లాజీ భార్య. ఇరవై ఏళ్ళుగా చేపలమ్మిన మనిషి. ఆవిడకు షుగరు. పాదాలకు తిమ్మిరెక్కి చాలాకాలమైంది. ఒకరోజు రేవులో ఎడమకాలికి ఆల్చిప్ప దిగింది, ఆవిడకు తెలియలేదు. ఇంటికొచ్చాక గచ్చు మీద ఎర్రటి అడుగులు చూసి, "ఎవలికో కాలు తెగినట్టున్నాది, సూడు మావా" అంది. అది పుండై, పుండు ముదిరి, చివరికి పట్నం ఆసుపత్రిలో మోకాలి కింద నుంచి కాలు తీసేశారు. అప్పటినుంచి గుమ్మంలో కూర్చోవడమే ఆవిడ పని. ఏడ్వదు, తిట్టదు. అన్నం పెడితే తింటుంది. గట్టిగా మాట్లాడితే వీధి చివర దాకా వినిపించే గొంతట ఆవిడది. నేను వెళ్ళేసరికి ఆ గొంతు ఇంట్లోవాళ్ళకే సరిగ్గా వినిపించడం లేదు.

గవ్వలపేట రేవులో ఒక కట్టుబాటు ఉంది. బోట్లు ఒడ్డుకొచ్చాక తెడ్డుతో ఇసుకలో గీత గీస్తారు. చేపలు కొనే ఆడవాళ్ళు ఆ గీత మీద గంపలు పెట్టి వాటి వెనక నిలబడతారు. వేలం పాట అక్కడే. ఒకరి తరఫున ఇంకొకరు పాడకూడదు. ఎవరి గంప వెనక వాళ్ళు నిలబడాలి. వేసవిలో రెండు నెలలు వేట నిషేధం కదా, అది ముగిసి మొదటి బోట్లు తిరిగొచ్చిన పొద్దున ఎవరు ఎక్కడ నిలబడి, ఆ వారమంతా పూట తప్పకుండా వస్తారో ఆ చోటు ఏడాదంతా వాళ్ళది. ఆ పొద్దున రానివాళ్ళకు చోటు లేదు. చోటు లేనివాళ్ళు ఇతరులు ఏరుకోగా మిగిలిన చేప తీసుకోవాలి.

కాసులమ్మ అప్పటికి అదే చేస్తోంది. తోటికోడలు ఆదెమ్మ తన గంపలోంచి సగం తెచ్చి గుమ్మంలో పోసేది. మంచి మనిషి, మనసారానే ఇచ్చేది. కాసులమ్మ వాటిని ముట్టుకుని చూసేది కాదు. ఎవరైనా కొనడానికి వస్తే "తీసుకో" అనేది, అంతే. ప్రభుత్వం వాళ్ళు మూడు చక్రాల సైకిలిచ్చారు. అది సిమెంటు రోడ్డు మీద చక్కగా నడిచేది. రేవులో ఇసుక మొదలైన చోట ఇరుసు దాకా కూరుకుపోయింది. ఇద్దరు మగవాళ్ళు ఆవిణ్ణి సైకిలుతో సహా ఎత్తుకుని వెనక్కి తెచ్చారు. మళ్ళీ ఆవిడ రేవు పేరెత్తలేదు. నిషేధం ముగియడానికి నెల్లాళ్ళుందనగా ఎల్లాజీ నన్ను ఇంటికి తెచ్చాడు.

అతని లెక్క సూటిగా ఉంది. ఇసుకలో దిగబడని చక్రాలు నాకే ఉన్నాయి. పాత ఇంజను బాగుచేయిద్దామంటే గేరు మార్చడానికి ఎడమకాలు కావాలి. కరెంటు మోటారుకు గేర్లు ఉండవు. కుడిచేతి బొటనవేలితో మీట నొక్కితే చాలు. బ్రేకులు ఎలాగూ చేతికే ఉన్నాయి.

చూరు దూలానికి తాడు కట్టి నా ఇంజనును పైకి లాగేశాడు. పాత ఇనుము కొనేవాడు వచ్చి దాన్ని తూకం వేసుకుని పోయాడు. గుండె తీసేస్తే ఎలా ఉంటుందని మీరడగవచ్చు. చక్రాల మీద బరువు తగ్గింది, అంతే. తర్వాత ఒక పాడైన ఈ-రిక్షాలోంచి మోటారు, దాన్ని నడిపే కంట్రోలరు పెట్టె, నాలుగు బ్యాటరీలు తెచ్చాడు. మోటారు విప్పి తన పద్ధతిలో వార్నిష్ పూసి, బల్బు పెట్టి ఒక పగలంతా ఆరబెట్టాడు. ఉప్పుగాలి తగలకుండా రంగుల బకెట్టు కోసి తొడుగు వేశాడు. ఇంజను ఉన్న చోట మోటారు తిన్నగా పట్టలేదు. దాన్ని రెండో వైపుకు తిప్పి బిగించి, వెనక ఇరుసుకు గొలుసు వేశాడు. నన్ను ఇటుకల మీద ఎత్తి, మీట నొక్కాడు. చక్రాలు తిరిగాయి. వెనక్కి తిరిగాయి.

ఎల్లాజీ కంగారు పడలేదు. మోటారును తిప్పి బిగిస్తే తిరగడమూ తిరగబడుతుంది. దానికి మందు అతనికి నిద్దట్లో కూడా తెలుసు. పొలాల మోటార్లకు మూడు తీగలుంటాయి, అందులో ఏ రెండు మార్చినా మోటారు దారికొస్తుంది. ఇరవై ఏళ్ళలో ఎన్ని వందల మోటార్లను అలా దారికి తెచ్చాడో. ఈల వేసుకుంటూ రెండు లావు తీగలు మార్చాడు. మీట నొక్కాడు. నాకు నిలువెల్లా వణుకు పుట్టింది. మోటారు గుర్రుమని మూలిగింది. కంట్రోలరు పెట్టెలోంచి పొగ వచ్చింది.

"ఏటి కాలినాది మావా?" గుమ్మంలోంచి కాసులమ్మ అడిగింది.

"ఏటీ నేదు."

"ఏటీ నేకపోతే ఇంత కంపేటి?"

ఎల్లాజీ గబగబా తీగలు ఊడదీశాడు. ఊళ్ళోవాళ్ళు కాల్చుకొచ్చినవి బాగుచేయడమే గాని, తన చేత్తో తాను కాల్చడం అతనికి అదే మొదటిసారి. పెట్టె చంకలో పెట్టుకుని పట్నం పోతే, అక్కడి కొట్టువాడు దాన్ని వాసన చూసి, "లావు తీగలు మార్చారా?" అన్నాడు. ఈ మోటారుకు సన్న తీగలు కూడా అయిదున్నాయట. తాను ఎక్కడ దాకా తిరిగానో మోటారు పెట్టెకు చెప్పుకునేది వాటితోనేనట. లావువి మారిస్తే సన్నవి కూడా జత చూసి మార్చాలట. ఎల్లాజీ నోరు వెళ్ళబెట్టి విన్నాడు. నిన్నటి దాకా మోటార్లకు బుద్ధి చెప్పినవాడు, ఆ రోజు ఒక మోటారు ముందు బడిపిల్లవాడైపోయాడు.

ఇంకో పెట్టె దొరికేసరికి నిషేధం ముగియడానికి నాలుగు రోజులే మిగిలాయి. ఈసారి రంగుకు రంగు చూసి కలిపాడు. ఇక తీగలు మార్చే జోలికి పోనని గంగమ్మ మీద ఒట్టు వేసుకున్నాడు. ఇది కూడా కాలితే మూడో పెట్టె వచ్చేసరికి కాసులమ్మ చోటు పోతుంది. చక్రాలు మళ్ళీ వెనక్కే తిరిగాయి. అతను కాసేపు తల పట్టుకుని కూర్చుని, రిక్షాకు ఉండే 'వెనక్కి' స్విచ్చి వేసి మీట నొక్కాడు. ఇప్పుడు ముందుకు తిరిగాయి. కాకపోతే వెనక్కి వెళ్ళేటప్పటి నెమ్మదితో తిరిగాయి. పైగా, వెనక ఉన్నవాళ్ళను తప్పుకోమని రిక్షాకు పెట్టిన పిట్టకూత హారను కూడా మోగడం మొదలుపెట్టింది.

"ఎనక్కి అని ఉన్న కాడ నొక్కితే ముందుకెల్తాది" అన్నాడు ఎల్లాజీ, ఆవిడ కళ్ళల్లోకి చూడకుండా. "ముందుకి అని ఉన్న కాడ నొక్కితే..."

"ఎనక్కెల్తాది. నీలాగే."

ఆ మాటకు అతను నవ్వాడు. ఆవిడ నవ్వలేదు.

"ఆ పిట్టనైనా తీసీమంతావా?"

"ఒక తీగ తీత్తావు, ఇంకోటి కాల్తాది. ఉండనీ మావా. రేవుకెల్తే సాలు."

మూడు రోజులు సాయంత్రం పూట ఇసుకలో నన్ను నడిపింది. నామీద కూర్చున్నవాళ్ళంతా ఏదో ఒకటి చేసేవారు, అరవడమో నవ్వడమో దేవుణ్ణి తలుచుకోవడమో. ఈవిడ బస్తా కూర్చున్నట్టు కూర్చునేది. ఎల్లాజీ పక్కన పరుగెడుతూ ఆవిడ ముఖంలో సంతోషం కోసం వెతికేవాడు. దొరికేది కాదు. నాకు మాత్రం ఆ మనిషి పద్ధతి బాగానే అనిపించింది. మాకిద్దరికీ ఒకరితో ఒకరికి పేచీ లేదు.

మొదటి బోట్లు తిరిగొచ్చిన పొద్దున పేట మొత్తం రేవులోనే ఉంది. మేము పిట్టకూత కూసుకుంటూ, ముసలి ఎద్దు నడకతో ఇసుకలోకి దిగాం. కుక్కలు మొరిగాయి. మగవాళ్ళు వలలు వదిలేసి నవ్వారు. "ఎల్లాజీ బండి కదా, రివర్సులోనే ఎల్తాది" అని ఎవడో అరిచాడు. కాసులమ్మ తల తిప్పలేదు. తెడ్డు గీత దగ్గర ఆదెమ్మకూ గురవమ్మకూ మధ్య తన పాత చోటు ఇంకా ఖాళీగా ఉంది. నన్ను అక్కడ ఆపి, ముందున్న గంప తీసి గీత మీద వేసింది.

గురవమ్మ రేవులో అందరికంటే పెద్దది. డెబ్బై దాటిన మనిషి, కట్టుబాటు ఆవిడ నోట్లో ఉంటుంది. నా చక్రాల నుంచి కాసులమ్మ తల దాకా ఒకసారి చూసింది.

"బండి మీద కూకుంతే నిలబడినట్టు కాదే కాసులూ."

"అదేటత్తా, కాలు నేని మనిసి..." అంది ఆదెమ్మ.

"నాకు కళ్ళు నేవేటి? ఒకర్తికో నాయం, ఇంకోర్తికో నాయం అంతే రేపు ఈ గీతుండదు. అందరికీ ఒకటే నాయం."

కాసులమ్మ వాదించలేదు. నా హ్యాండిలు పట్టుకుని కుడికాలు కిందికి దించి, గంప వెనక నిలబడింది. ఆ ఒక్క కాలి మీద, ఎడమచేత్తో నన్ను పట్టుకుని, పాట అయ్యేదాకా అలాగే ఉంది. ఒరిగినప్పుడల్లా నా హ్యాండిలును ఇంకా గట్టిగా పట్టుకుంది. నేను కదలలేదు. అందులో నా గొప్పేమీ లేదు, బ్రేకు వేసి ఉంది. మూడో బోటులో కానాగంత చేపల కుప్ప పాటకు వచ్చినప్పుడు ఆవిడ పాడింది. గొంతు చిన్నదే, కానీ అంకె గట్టిది. కుప్ప ఆవిడకే పడింది. చోటు నిలబడింది.

ఇంటికొచ్చాక చూస్తే ఆ కాలు స్తంభంలా వాచి ఉంది. మిగిలిన ఆ కాలిలో కూడా తిమ్మిరి ముదురుతోందని, దాని మీద భారం వేయొద్దని ఆసుపత్రిలో మరీ మరీ చెప్పారు. ఎల్లాజీ నూనె రాస్తూ, "రేపు ఎల్లొద్దే" అన్నాడు.

"ఈ వారంలో ఒక్క పూట ఎల్లకపోయినా సోటు ఇంకోర్తి తీసుకుంతాది."

"సోటు పోతే పోనీ. ఆ కాలు కూడా పోతే?"

"నాకది ఉన్నట్టే తెలీట్నేదు మావా" అంది.

ఎల్లాజీ చెయ్యి ఆగిపోయింది. అతనికి భయం వేసింది. తాను చేసిన బండే తన భార్య రెండో కాలినీ తీసుకెళుతుందేమోనని భయం.

ఇది జరిగి మూడేళ్ళయింది. ఇప్పుడు నా చట్రానికి ఉప్పు పట్టి, ముట్టుకుంటే పొరలు ఊడుతోంది. బ్యాటరీలు రెండుసార్లు మారాయి. సన్న తీగల్లో దేనికి ఏది జతో ఎల్లాజీ ఈపాటికి నేర్చుకున్నాడు గానీ, ఒట్టు పెట్టుకున్నాడు గనక నన్ను సరిచేయలేదు. పేటలో పిల్లలు పిట్ట కూస్తే "కాసులత్త" అంటారు. ఇవన్నీ చెప్పుకోదగ్గ సంగతులు కావు. కాలు వాచిన మర్నాటి పొద్దున సంగతి ఒక్కటి చెప్పి ఆపేస్తాను.

ఆ పొద్దున మేము వెళ్ళేసరికి గీత గీసి ఉంది, ఆడవాళ్ళు నిలబడి ఉన్నారు. మా చోట మేము ఆగాం. కాసులమ్మ గంప వేసి, హ్యాండిలు పట్టుకుని, వాచిన కాలు దించబోయింది. అప్పుడు గురవమ్మ ఎవరితోనూ కానట్టు, "మోకాళ్ళు సలుపుతన్నాయర్రా, నాను కూకుంతాను" అని, తన గంప వెనక ఇసుకలో చతికిలబడింది. ఆదెమ్మ ఆవిడకేసి చూసింది. "పెద్దమనిసి కూకుంతే మనం నిలబడ్డం బాగోదు" అని తనూ కూర్చుంది. ఆ పక్కనామె కూర్చుంది, ఆ పక్కనామె. గీత పొడుగునా ముప్పైమంది ఆడవాళ్ళు కొంగులు సర్దుకుంటూ కూర్చున్నారు.

పాట పెట్టడానికి వచ్చిన బోటు యజమాని చేతిలో చేపతో అలాగే నిలబడిపోయాడు. "ఇదేటి? పాటకొచ్చినారా, పేరంటానికొచ్చినారా?"

"అందరం కూకున్నాం, అందరికీ ఒకటే నాయం. నీ పాట నువ్వెట్టు" అంది గురవమ్మ.

కాసులమ్మ కాలు ఇంకా గాల్లోనే ఉంది. దాన్ని నెమ్మదిగా వెనక్కి తీసుకుని నా సీటు మీద సర్దుకుని కూర్చుంది. ఆవిడ వైపు ఎవరూ చూడలేదు. అందరూ చేపలనే చూస్తున్నారు, జన్మలో చేపలు చూడనట్టు. పాట మొదలైంది. మొదటి కుప్పకు కాసులమ్మ నోరు తెరిచింది, మాట రాలేదు. ఆ కుప్ప ఇంకెవరికో పోయింది. రెండో బోటు వచ్చింది, మూడోది వచ్చింది. ప్రతిసారీ నోరు తెరవడం, కొంగు నోటికి అడ్డం పెట్టుకోవడం. చివరి కుప్ప కూడా పోయింది. మేము పిట్టకూత కూసుకుంటూ ఇంటికి వచ్చాం.

ఎల్లాజీ వీధి మలుపు దాకా ఎదురొచ్చాడు. ముందు కాలు చూశాడు, తర్వాత గంప చూశాడు. గంప ఖాళీ.

"ఏటయినాది? నిన్ను రానివ్వనేదా?"

"రానిచ్చినారు మావా" అంది కాసులమ్మ. ఆ మాట వీధి చివర దాకా వినిపించింది. "ఏడుపొచ్చీసి పాట పాడనేకపోనాను."

ఎల్లాజీ ఖాళీ గంప దించి పక్కన పెట్టి, నడివీధిలో నా మడ్‌గార్డు మీద ఆవిడ పక్కనే కూర్చున్నాడు. ఆవిడ ఏడుస్తూనే ఉంది. ఇద్దరి బరువూ నాకు తెలిసింది.